పాత బోరే కొట్టించు

ఆ ఆదివారం పొద్దున కేశవులు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఆదోని మార్కెట్ యార్డు పక్కనున్న తన గోదాముకు పోవాలి, అందులో కొడుకు దీపక్ పెట్టుకున్న నాలుగు చక్రాల బండిని ఒక్కసారి తోలి, ఎవరూ చూడకముందే తెచ్చి అక్కడే నిలపాలి. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, పత్తి కమీషన్ వ్యాపారం తప్ప మరో సరదా ఎరగని మనిషి, ఆ మాత్రం కోరుకోవడంలో తప్పేమీ లేదు. తప్పల్లా దాన్ని దాచిపెట్టడంలోనే ఉంది.

దాచక తప్పని పరిస్థితి ఆయనే తెచ్చుకున్నాడు. ఆ బండిని ఏటీవీ అంటారు. బైకు మాదిరి హ్యాండిలు, ట్రాక్టరు మాదిరి లావు టైర్లు, గుట్టైనా బురదైనా లెక్కచేయదు. దీపక్ దాన్ని పాతది కొన్నాడు. బడి సెలవులు మొదలుకాగానే ఎమ్మిగనూరు రోడ్డులో కౌలుకు తీసుకున్న బీడులో పిల్లలనూ కుర్రకారునూ టిక్కెట్టు మీద తిప్పాలని వాడి ఆలోచన. బండి వచ్చిన రోజు కేశవులు గంటసేపు క్లాసు పీకాడు. నీకు వస్తువు విలువ తెలియదన్నాడు, ఇంజన్ అంటే బొమ్మ కాదన్నాడు, నెల తిరక్కుండా పాడుచేస్తావు చూడమన్నాడు. ఇప్పుడా దీపక్ స్నేహితుడి పెళ్ళని బెంగళూరు పోయాడు. గురువారం గాని రాడు. తాళంచెవి గోదాములో మేకుకు వేలాడుతోంది.

పెద్దకడుబూరు దారిలో రెండువైపులా దున్ని వదిలేసిన నల్లరేగడి చేలు. తలకు తువ్వాలు చుట్టుకుని కేశవులు బండిని చేలోకి దింపాడు, గట్టు ఎక్కించాడు, మళ్ళీ దింపాడు. ఒకచోట పైకి నవ్వాడు కూడా. ఆ నవ్వు ముగియకముందే ఇంజన్ లోపల గరగరమంది, కాలిన వాసన వచ్చింది, బండి నిలిచిపోయింది. తోలేముందు ఆయిల్ చూసుకోవాలన్న సంగతి కొడుక్కి పీకిన క్లాసులో ఉంది గాని, ఆ పొద్దు ఆయనకు గుర్తు రాలేదు.

ఆదోనిలో ఏ మెకానిక్కుకు చూపించినా సాయంత్రానికల్లా మార్కెట్ అంతా తెలిసిపోతుంది. అందుకని ఒక రైతును బతిమాలి, ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించి, ఎమ్మిగనూరులో బసవరాజు షెడ్డుకు చేర్చాడు. బసవరాజు ఇంజన్ విప్పి లోపల గోటితో గీరి చూశాడు. పిస్టన్ పైకీ కిందికీ ఆడే ఇనుప గొట్టం సిలిండరు. మెకానిక్కుల భాషలో బోరు. ఆయిల్ లేక పిస్టన్ పట్టేసి బోరు లోపలి గోడ నిండా గీతలు పడ్డాయి. కొత్త బోరు తెప్పించాలంటే పది రోజులు పడుతుంది, ఖరీదు మోయలేనంత. పాత బోరునే లేతు మిషన్ మీద కాస్త కోసి నున్నగా చేసి, దానికి తగ్గ పిస్టనూ దాని రింగులూ వేస్తే, అంటే బోరు కొట్టిస్తే, అందులో సగం కూడా కాదు. గీతలు ఎంత లోతుకు దిగాయో కొలిచి పొద్దున ఫోన్ చేస్తానన్నాడు బసవరాజు.

సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. కేశవులు ఇంట్లో సిగ్నల్ కిటికీ దగ్గర మాత్రమే అందుతుంది, అదీ అరిచి మాట్లాడితేనే. ఆయన అరిచాడు.

"బోరు పూర్తిగా పోయిందంటావా? కొత్త బోరు వద్దప్పా, అంత నేను పెట్టలేను. పాత బోరే కొట్టించు. యాభై కొడితే సాలా? సరే, యాభై కొట్టించు. రింగులు మాత్రం కొత్తవి ఎయ్యి. గురువారం లోపల అయిపోవాల."

వంటింట్లో ఆయన భార్య కన్యకమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ ఇంటి పెరట్లో ఒక బోరుంది. ఎనిమిదేళ్ళ కిందట ఎండిపోయింది. ఇంకాస్త లోతు కొట్టిస్తే నీళ్ళు పడతాయని ఆమె ప్రతి ఎండాకాలమూ చెబుతూనే ఉంది, వచ్చే సీజన్లో తప్పకుండా అని ఆయన అంటూనే ఉన్నాడు. కొళాయి వచ్చే రోజు ఆమె ఇల్లు కదలదు. సొంత చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా బిందెలన్నీ నింపి, తలంబ్రాలు అయిపోయాక చేరుకుంది. పాత బోరు అంటే ఆమెకు తెలిసినది అదొక్కటే. బసవరాజు చెప్పిన యాభై, మిల్లీమీటరులో నూరోవంతులు, అంటే అర మిల్లీమీటరు. కన్యకమ్మ విన్న యాభై, అడుగులు. రింగులంటే బోరు చుట్టూ సిమెంటు రింగు కట్టిస్తాడేమో అనుకుంది.

కాఫీ గ్లాసుతో ఆమె కిటికీ దగ్గరకు వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నాకు సెప్పకుండానే చేసేద్దామనుకున్నారా?" అంది.

బండి సంగతి తెలిసిపోయిందనుకున్నాడు కేశవులు. "నీకెవరు సెప్పినారు?"

"ఎవరో ఎందుకు? మీరే అంటిరి గదా, పాత బోరు కొట్టిస్తాండామని."

ఆమె ఏ బోరు గురించి అంటున్నదో అర్థమయ్యేసరికి ఆయనకు ముందు ప్రాణం లేచొచ్చింది, తర్వాత భయమేసింది. కాదు అనొచ్చు. కాదంటే ఏ బోరని అడుగుతుంది, బండి సంగతి బయటపడుతుంది, గురువారం కొడుకు ముందు తలదించుకోవాలి. కేశవులు గ్లాసు అందుకుని "ఆ" అన్నాడు. ఆయన ఆడిన అబద్ధం ఆ ఒక్క అక్షరమే. తక్కినవన్నీ దాని పిల్లలు.

ఆయన ధైర్యం వేరే ఉంది. గురువారం దాటితే చాలు, ఆ తర్వాత లారీ దొరకలేదనో, రాయి అడ్డం వచ్చిందనో నెట్టుకురావచ్చు. ఎనిమిదేళ్ళు నెట్టినవాడికి ఇంకొక ఏడాది కష్టం కాదు. కాని కన్యకమ్మ ఊరుకునే మనిషి కాదు. మధ్యాహ్నానికి పక్కింటి లక్ష్మక్కకు చెప్పింది, లక్ష్మక్క వీధికంతా చెప్పింది. వీధి చివరి వాదిరాజాచార్యులు పంచాంగం చూసి, గురువారం తొమ్మిది గంటలు దివ్యంగా ఉందని తనంతట తానే వచ్చి చెప్పిపోయాడు. నీళ్ళ ట్యాంకరతన్ని ఇకమీదట రావద్దని ఆమె ఫోన్ చేసింది. పదకొండు ప్లాస్టిక్ బిందెలను తోమి లక్ష్మక్కకు ఇచ్చేసింది, మాకు ఇంక వీటితో పనేముందని.

మంగళవారం సాయంత్రం కేశవులు ఇల్లు చేరేసరికి ఆమె పెరట్లో కూర్చుని, పాత బోరు మీద మూతగా పెట్టిన బండను కడుగుతోంది. అంత అపురూపంగా ఆమె దేన్నీ కడగగా ఆయన చూడలేదు. ఇప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆమె తల ఎత్తకుండానే అంది.

"ఎనిమిదేండ్లు మిమ్మల్ని మనసులో తిట్టుకుంటా ఉంటి. అట్ల తిట్టుకోకుండా ఉండాల్సింది, పాపం."

కేశవులు తెరిచిన నోరు మూసుకున్నాడు. గీతలు పడింది బోరుకే అనుకున్నాడు ఈ రెండు రోజులూ, తన లోపల కూడా పడ్డాయని అప్పుడు తెలిసింది.

బుధవారం అనిల్ ఫోన్ చేశాడు. కన్యకమ్మ తమ్ముడి కొడుకు. ఎమ్మిగనూరులో బోర్లు వేసే లారీ ఉంది. సొంత మేనల్లుడి లారీ ఉండగా మామ వేరేవాళ్ళకు పని ఇచ్చాడని వాడికి బాధ. కన్యకమ్మ ఫోన్ మొగుడి చెవికి పెట్టింది.

"యాడోళ్ళకు ఇచ్చినావు మామా బేరం?" అన్నాడు అనిల్.

"ఎవరికీ ఇయ్యలేదురా" అన్నాడు కేశవులు. ఆ నాలుగు రోజుల్లో ఆయన నోటినుంచి వచ్చిన ఒకే ఒక్క నిజం అది, మునిగిందీ దాంతోనే. ఎవరికీ ఇవ్వలేదంటే తన కోసమే ఆపినట్టని అనిల్ సంబరపడి, పొద్దున్నే వస్తానన్నాడు.

గురువారం ఎనిమిదిన్నరకు లారీ వచ్చింది. వెనక సందులో అది పట్టదని కేశవులు ఆఖరి ఆశ. అనిల్ గోడకు జానెడు దూరంలో సూదిలో దారం ఎక్కించినట్టు ఎక్కించాడు. పెరట్లో బండకు పసుపు పూసి ఉంది. వాదిరాజాచార్యులు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మక్క మొదలుకొని వీధిలో ఆడవాళ్ళంతా గోడ చుట్టూ చేరారు. కన్యకమ్మ పట్టుచీర కట్టుకుంది. కేశవులు జేబులో ఫోన్ మోగుతూనే ఉంది, లారీ చప్పుడులో ఆయనకు వినపడలేదు.

గోదాము తాళం వేసుంది, ఫోన్ ఎత్తడం లేదు, ఏం చేస్తాడు పాపం బసవరాజు? ఏటీవీని ట్రాలీ ఆటోలో వేసుకుని నేరుగా ఇంటికే వచ్చేశాడు. జనాన్ని తోసుకుంటూ పెరట్లోకి వచ్చి, పని బాగా కుదిరిన సంతోషంతో గట్టిగా చెప్పాడు.

"శెట్టిగారూ, పాత బోరే కొట్టిచ్చినా. యాభై సరిగ్గా కూర్చునింది. రింగులు కొత్తవే ఏసినా."

సోమవారం కిటికీ దగ్గర విన్న మాటలే, అదే వరసలో. కన్యకమ్మ ఆటోలో ఉన్న బండిని చూసింది, పసుపు బండను చూసింది, మొగుడి ముఖం చూసింది. ఇంక ఎవరూ ఆమెకు విడమరచి చెప్పనక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే దీపక్ బస్సు దిగి, భుజాన బరువైన సంచితో సందులోకి వచ్చాడు. బండిని చూసి అక్కడే ఆగిపోయాడు.

"నాయనా, నీకు ముందే తెలుసునా?" అన్నాడు.

దీపక్ చెప్పిపోయిన పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. పోయినవారం బండిని బీడులో పరీక్షించేటప్పుడే ఇంజన్ దెబ్బతింది, పూర్తిగా ఆగలేదంతే. తండ్రికి తెలిస్తే ఇంకో గంట క్లాసు తప్పదని, విప్పడానికి వీలుగా ఆయిల్ వంచేసి, తాళంచెవి మేకుకు తగిలించి, చవకగా దొరికే బోరు వెతకడానికి బెంగళూరు పోయాడు. సంచిలోంచి పాత దినపత్రికలో చుట్టిన సిలిండరు తీసి, నేరం ఒప్పుకున్నవాడిలా తండ్రి చేతిలో పెట్టాడు. అది గోరువెచ్చగా, బరువుగా ఉంది. బండి పోయిందని వీడు ఒక్క మాట అనుంటే తను దాన్ని ముట్టేవాడు కాదు. తోలాలని ఉందని తను ఒక్క మాట అనుంటే వీడు ఆపి ఉండేవాడు. కేశవులుకు కొడుకు మీద కోపం రాలేదు, తన మీద జాలి కూడా రాలేదు. పసుపు పూసిన ఆ బండ వైపు చూడలేకపోయాడు, అంతే.

"కొట్టు అనిల్, లారీ వచ్చినాక ఆపేదెందుకు" అన్నాడు.

"వద్దులే అనిల్" అంది కన్యకమ్మ. గొంతు పెంచలేదు. "అది బండికోసరం పుట్టిన మాట, నాకోసరం కాదు. నాకోసరం అనిపించిన్నాడు కొట్టిస్తారులే."

కొప్పులో పూలు సర్దుకుని ఆమె లోపలికి పోయింది. వాదిరాజాచార్యులు కొబ్బరికాయను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తొమ్మిదికి ఇంకా అయిదు నిమిషాలుంది. లారీ ఉంది, ముహూర్తం ఉంది, జనం ఉన్నారు. గోడ అవతలినుంచి లక్ష్మక్క, మొహమాటపడుతూనే, వచ్చిన లారీ ఊరికే పోవడమెందుకు, మా పెరట్లో వేస్తే ఏమని అడిగింది. అనిల్ అత్త పోయిన గుమ్మం వైపు చూశాడు, మామ వైపు చూశాడు, లారీని పదడుగులు ముందుకు జరిపాడు.

రెండువందల ఎనభై అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. మామూలుగా పడలేదు, గోడ ఎత్తు దాటి లేచి, ఇవతలి పెరట్లో తుంపరలుగా కురిసి, కన్యకమ్మ పూసిన పసుపునంతా కడిగేశాయి.

దీపక్ వ్యాపారం బాగానే మొదలైంది. బండి మునుపటికన్నా మెత్తగా నడుస్తోందని బసవరాజును పొగుడుతాడు. దినపత్రికలో చుట్టిన బోరు అటక మీద ఉంది, ఎప్పటికైనా పనికొస్తుందని. అనిల్ లారీ దేవనకొండ వైపు వరస పనుల్లో పడింది, ఇప్పట్లో తిరిగిరాదు. వచ్చే సీజన్లో తప్పకుండా కొట్టిస్తానని కేశవులు భార్యతో అన్నాడు. ఈసారి మనస్ఫూర్తిగానే అన్నాడు. కాని ఎనిమిదేళ్ళుగా అన్నదీ అదే మాట కనుక, తేడా ఆయనకు తప్ప ఎవరికీ తెలియలేదు. కన్యకమ్మ సరేనంది.

ఇప్పుడు రోజూ పొద్దున కాఫీ తాగి, కేశవులు లక్ష్మక్క ఇంటికి పోయి, ఒకప్పటి తమ బిందెలనే అడిగి తీసుకుని, రెండేసి చొప్పున నింపుకొస్తాడు. పెరట్లో ఒకటి, బండిలో ఒకటి, అటక మీద ఒకటి, మూడు బోర్లున్న ఆ ఇంటికి నీళ్ళు పక్కింటినుంచి వస్తాయి.