ముళ్ళపంది వీపు మీది అప్పీలు

ఒక పెద్ద అడవిలో చెట్ల కంటే తగాదాలు ఎక్కువ, తగాదాల కంటే ప్లీడర్లు ఎక్కువ. ఆ ప్లీడర్లలో కంటకేశం అనే ముళ్ళపంది ఒకడు. మంచివాడే పాపం. కాకపోతే సంచీ మోసే ఓపిక లేక, కేసు కాగితాలన్నీ తన వీపు ముళ్ళకే గుచ్చుకుని తిరిగేవాడు.

ధవళమ్మ అనే కుందేలు బొరియను ఒక ఉడుము ఆక్రమించుకుంది. కింది కోర్టులో ధవళమ్మ ఓడిపోయింది. ముప్పై రోజుల్లోగా అప్పీలు వెయ్యకపోతే బొరియ మీద ఆశ వదులుకోవలసిందే. కంటకేశం అప్పీలు చక్కగా రాశాడు. భద్రంగా ఉంటుందని వీపు మధ్యన గుచ్చుకున్నాడు. గుచ్చుకుని మరిచిపోయాడు.

ముప్పై మూడో రోజున దురద పుట్టి చెట్టుకు వీపు రుద్దుకుంటే ఆ కాగితం కాస్తా కిందపడింది. అప్పటికే గడువు దాటి మూడు రోజులైంది. పిల్లల్ని పెట్టుకుని పొద చాటున వానకు తడుస్తున్న కుందేలుకు ఏ మొహంతో చెప్పడం?

ఆ మధ్యనే ప్లీడర్ల సంఘం అధ్యక్షుడు జంబుకరావు అనే నక్క ఒక సలహా గది తెరిచాడు. "వృత్తిలో తప్పు జరిగినా, మనసు బాగోలేకపోయినా ఇక్కడికి రండి. మాట బయటికి పొక్కదు" అని డప్పు వేయించాడు. తప్పులన్నీ ఆ గదిలోనే సర్దేసుకుంటే క్లయింట్లెవరూ జడ్జి ఏనుగుగారి దాకా వెళ్ళరని అయ్యగారి ఎత్తు.

కంటకేశం వెళ్ళి కన్నీళ్ళతో అంతా చెప్పుకున్నాడు.

"ఆ కాగితమా! నెల్లాళ్ళుగా నీ వీపు మీద చూస్తూనే ఉన్నానయ్యా" అన్నాడు సీనియర్ ప్లీడరు కొంగ, జంబుకరావు పక్కన కూర్చుని.

"చూస్తూ ఊరుకున్నారా? ఒక్క మాట చెప్పకూడదా అండీ!"

"ఎంతమాట! ఇంకో ప్లీడరు కేసులో వేలు పెట్టడం మర్యాదేనా?"

కంటకేశానికి ఒళ్ళు మండింది. అయినా దిగమింగుకుని, "పోనీ, ఇప్పుడేం చెయ్యమంటారో చెప్పండి" అన్నాడు.

పెద్దలిద్దరూ ఇబ్బందిగా కదిలారు. ఒక పక్షం మాటే విని ఏదైనా తేల్చడం వాళ్ళకు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అలవాటు లేదు.

"అవతలి పక్షాన్ని వినకుండా ఎలా?" అన్నాడు కొంగ.

"అదీ నిజమే. నోటీసు పంపుదాం" అంటూ జంబుకరావు అలవాటు కొద్దీ సంతకం గిలికేశాడు. అవతలి పక్షమంటే ఎవరో ఇద్దరికీ తట్టలేదు. బంట్రోతు ఉడుత మాత్రం విన్నదంతా నోటీసులో నింపి, పట్టుకుని పరిగెత్తింది.

సాయంత్రానికి ధవళమ్మ రొప్పుతూ వచ్చింది. "మీ ప్లీడరు మీ విషయంలో చేసిన తప్పుకు రహస్యంగా బాధపడుతున్నారు, మీకేమైనా అభ్యంతరమా అని రాశారు. ఏం తప్పు బాబూ?"

జంబుకరావుకు ముచ్చెమటలు పోశాయి. "అబ్బే, ఏం లేదమ్మా. ఆఫీసు పొరపాటు. వాయిదా వేశాం, వెళ్ళిరా" అంటూ కంటకేశానికి కన్ను గీటాడు.

కంటకేశం ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఊరుకుంటే ఈ రోజుకు గండం గడిచినట్టే. కానీ ఆవిడ తడి చెవులు చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాలేదు.

"పొరపాటు ఆఫీసుది కాదు ధవళమ్మా, నాది. కాగితం వీపుకు గుచ్చుకుని మరిచిపోయి, అప్పీలు గడువు దాటించేశాను."

ధవళమ్మ అతని వీపు కేసి చూసింది. తర్వాత మెల్లగా అంది: "ముప్పయ్యో రోజున ఆ కాగితం నా చేతికిచ్చినా నేనే కోర్టులో ఇచ్చి వచ్చేదాన్ని కదయ్యా. పరిగెత్తడం తప్ప నాకింకేం వచ్చు?"

కంటకేశం సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు, తప్పంతా తనదేనని అఫిడవిట్ రాసి ఏనుగుగారి ముందు నిలబడ్డాడు.

"క్లయింటుకు జ్వరమనీ, వాగు పొంగిందనీ రాసినవి బోలెడు చూశాను. ప్లీడరు మరిచిపోయాడని రాసింది ఇదే మొదటిది" అంటూ ఏనుగుగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నారు. ఆలస్యాన్ని మన్నించి అప్పీలు తీసుకున్నారు. అది తేలేదాకా బొరియలో కుందేలే ఉండాలన్నారు.

ఈ సంగతి అడవంతా పాకింది. తెల్లారేసరికి సలహా గది ముందు క్లయింట్లు బారులు తీరారు. "మా ప్లీడరుకు కూడా ఏమైనా బాధగా ఉందేమో కనుక్కుని నోటీసు ఇప్పించండి!" అందరికంటే ముందు నిలబడింది జంబుకరావు క్లయింటు జింక.

జంబుకరావు వెంటనే గదికి తాళం వేయించి, 'ప్లీడర్లందరి మనసులూ కుదుటపడినందున మూసివేయడమైనది' అని బోర్డు తగిలించాడు.

కంటకేశం ఇప్పటికీ కాగితాలు వీపుకే గుచ్చుకుంటున్నాడు. కాకపోతే రోజూ పొద్దున్నే ధవళమ్మ వచ్చి, వీపంతా ఒకసారి చదివి వెళ్తోంది.

అందుచేత, గుట్టు బయటపడకూడదనుకున్న ప్లీడరు తోటి ప్లీడర్ల దగ్గరికి వెళ్ళకుండా, నేరుగా క్లయింటుకే చెప్పెయ్యడం క్షేమం.