దూరమైనవారు కావలెను

గురువారం ఉదయం తొమ్మిదింటికి త్రిమూర్తులు తన ఏర్పాట్లను మూడోసారి కాగితం మీద సరిచూసుకున్నాడు. పది కుర్చీలు, గుండ్రంగా. పది మంచినీళ్ల సీసాలు. ఇరవై సమోసాలు, మనిషికి రెండు చొప్పున. మాటలు రికార్డు చేయడానికి ఒక ఫోను, అది మొరాయిస్తే ఇంకో ఫోను. పదకొండింటికి పది మంది ఆడవాళ్లు వస్తారు, గంటసేపు మనసు విప్పి మాట్లాడతారు, పన్నెండింటికి వెళ్లిపోతారు. ఇందులో తేడా రావడానికి ఏముందో ఆయనకు ఎంత వెతికినా కనిపించలేదు.

త్రిమూర్తులు ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు. కాకినాడ నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని పెళ్లిళ్లలో కూడా ఎవరూ చూడలేదు. అచ్చుతప్పు కనిపిస్తే శుభలేఖ మీదైనా ఎర్రసిరాతో దిద్ది గానీ పక్కన పెట్టడు. రెండేళ్ల కిందట ఆయనకు ఒక పరిశోధన ప్రాజెక్టు వచ్చింది. దాని పేరు 'ఆటలకు, వ్యాయామానికి దూరమైన శ్రామిక స్త్రీలు: కారణాలు, అడ్డంకులు'. ఆయన నెలరోజులు కూర్చుని నలభై ప్రశ్నల ఫారం తయారుచేసి ఆన్‌లైన్‌లో పెట్టాడు. మూడు వందల మంది నింపారు. అందులో రెండు వందల ఎనభై మంది పోచారంలో పనిచేసే సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, మిగతా ఇరవై మంది వాళ్ల స్నేహితులు. జిమ్ముకు డబ్బు కట్టి కూడా వెళ్లలేకపోవడమే తమ ముఖ్యమైన కష్టమని అందరూ ఏకకంఠంతో చెప్పారు.

ప్రాజెక్టును సమీక్షించే ప్రొఫెసర్ విజయశ్రీ ఆ నివేదిక చదివి, అంచున ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు: "దూరమైనవారి మీద పరిశోధనలో దూరమైనవారు ఎక్కడ?" గురువారం తానే వస్తానని, నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లతో తన ఎదుటే చర్చ జరగాలని, అది జరక్కపోతే ప్రాజెక్టు అక్కడితో సరి అని ఫోన్లో చెప్పారు. ప్రాజెక్టు పోతే దాన్ని పట్టుకుని వేలాడుతున్న త్రిమూర్తులు పీహెచ్‌డీ కూడా పోతుంది. యాభయ్యో ఏట మొదలుపెట్టిన పీహెచ్‌డీ అది. భార్య త్రిపురసుందరి ఇప్పటికే తలుపు మీద పేరుకు ముందు 'డాక్టర్' అని పట్టేంత ఖాళీ ఉంచి పలక రాయించింది. ఆ ఖాళీని రోజూ చూస్తూ ఇంట్లోకి వెళ్లడం ఆయనకు నిజంగానే భయంగా ఉంది.

ఆ ఉదయం కాలేజీలోకి వస్తుంటే గేటు మీది బోర్డు ఓ పక్కకు ఒరిగి కనిపించింది. 'బయటివారికి ప్రవేశం లేదు. ఇట్లు, ఫిజికల్ డైరెక్టర్.' మూడేళ్ల కిందట బయటి కుర్రాళ్లు క్రికెట్ ఆడి ప్రిన్సిపాల్ కారు అద్దం పగలగొట్టినప్పుడు తాను దగ్గరుండి రాయించిన బోర్డు అది. ఒక్క అచ్చుతప్పు లేదు. దాన్ని నిటారుగా నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, తృప్తిపడి లోపలికి వెళ్లాడు.

లోపల అటెండర్ మహిపాల్ కుర్చీలు తుడుస్తున్నాడు. అతనిది నాచారమే. ఆడవాళ్లను పిలుచుకొచ్చే పని అతనికే అప్పగించారు.

"పది మందికీ చెప్పావా మహిపాల్? ఆటలంటే ఎరగనివాళ్లే కదా?"

"ఫికర్ జేయకున్రి సార్. దుర్గక్కకు జెప్పిన."

"దుర్గక్క ఎవరు?"

"మా బస్తీల మనుషులు గావాల్నంటే దుర్గక్కనే సార్. ఎవలకు గావాలన్న ఆమెనే తోల్కొస్తది."

ఎవరికి, ఎందుకు అని ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే బాగుండేది. నలభై ప్రశ్నలు రాసిన మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు. సమోసాలు వచ్చాయేమో చూడటానికి వెళ్లిపోయాడు.

దుర్గమ్మ ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. ఏ పార్టీ సభ అయినా, ఏ నాయకుడి పుట్టినరోజైనా బస్తీ ఆడవాళ్లను పోగుచేసి, డీసీఎం వ్యాన్లెక్కించి, సభ నిండుగా కనిపించేట్టు కూర్చోబెట్టడం ఆమె పని. ఎక్కడ చప్పట్లు కొట్టాలో, ఎక్కడ జిందాబాద్ అనాలో చూపుడువేలితో చెబుతుంది. పదిహేనేళ్లుగా ఆమె తెచ్చిన జనం ఏ ఉపన్యాసానికీ ఆవులించిన పాపాన పోలేదు.

పదిన్నరకు రెండు డీసీఎంలు కాలేజీ ముందు ఆగాయి. వ్యాన్ల నిండా ఆడవాళ్లను చూసి వాచ్‌మన్ చంద్రయ్య వెనక ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని, గేటు రెండు తలుపులూ బార్లా తెరిచి సలాం కొట్టాడు. మొత్తం అరవై మూడు మంది దిగారు.

త్రిమూర్తులు పరుగెత్తుకొచ్చాడు. "ఇదేంటమ్మా, నేను పది మందిని కదా అడిగింది."

దుర్గమ్మ ఆయన్ని జాలిగా చూసింది. "పది మందిని తోల్కొస్తే మా బస్తీ ఇజ్జత్ ఏముంటది సార్? మీ ఇజ్జత్ ఏముంటది?"

"కిలోమీటరు దూరానికి రెండు వ్యాన్లెందుకు?"

"నడుసుకుంట వస్తే దాన్ని మీటింగ్ అంటరా సార్?"

గదిలో పట్టరు కాబట్టి పది కుర్చీలనూ గ్రౌండు అంచున నీడలోకి మోయించారు. కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు. అవి స్టేజీ మీదివాళ్లకని అందరికీ తెలుసు. అరవై మూడు మందీ కింద వరసలు కట్టి కూర్చున్నారు. ఈలోగా ప్రిన్సిపాల్ లక్ష్మీకాంత్ కిటికీలోంచి జనాన్ని చూశాడు. తనకు చెప్పకుండా కాలేజీకి ఏ నాయకుడో వస్తున్నాడనుకున్నాడు. ఉన్నపళంగా ఒక శాలువా, ఒక పూలదండ తెప్పించి, మైకు పెట్టించి, గేటు దగ్గర నిలబడ్డాడు.

పదకొండింటికి కారు దిగిన మొదటి మనిషి విజయశ్రీ. లక్ష్మీకాంత్ దండ ఆమె మెడలో వేశాడు. దుర్గమ్మ వేలెత్తింది.

"మేడం నాయకత్వం," అంది దుర్గమ్మ.

"వర్ధిల్లాలి," అన్నారు అరవై రెండు మంది, ఒక్క గొంతుతో.

విజయశ్రీ దండ తీసి చేతిలో పట్టుకుని, త్రిమూర్తులు వైపు చూశారు. "ఇది బృంద చర్చా అండీ?"

"కొంచెం పెద్ద బృందం వచ్చిందండీ," అన్నాడు త్రిమూర్తులు.

ముందు అంగీకార పత్రాల మీద సంతకాలు తీసుకోవాలి. పరిశోధనలో అది తప్పనిసరి. కాగితాలు వరసల్లో తిరిగి పది నిమిషాల్లో వెనక్కి వచ్చాయి. విజయశ్రీ లెక్కపెట్టారు. అరవై మూడు మందికి తొంభై ఒక్క సంతకాలున్నాయి.

"రానోళ్లయి గూడ పెట్టినం మేడం," అంది దుర్గమ్మ. "పాపం, డ్యూటీల ఉన్నరు. హాజరు పోతదని."

త్రిమూర్తులు మైకు అందుకున్నాడు. "అమ్మా, మీరు ఇక్కడ నిర్భయంగా నిజం చెప్పొచ్చు." చప్పట్లు మోగాయి. "ఇష్టం లేకపోతే ఏ క్షణమైనా లేచి వెళ్లిపోవచ్చు." ఇంకా గట్టిగా మోగాయి. "ఆటలకు, వ్యాయామానికి మీకు ఏమైనా అడ్డంకులు ఉన్నాయా?"

దుర్గమ్మ వేలు అడ్డంగా ఊపింది. సభల్లో ఇలాంటి ప్రశ్నకు ఒకటే జవాబు.

"ఏం లెవ్వు సార్. మీ దయ వల్ల అంత మంచిగున్నది," అన్నారందరూ.

విజయశ్రీ పుస్తకంలో ఏదో రాసుకున్నారు. రాసింది చిన్నదే గాని కింద రెండు గీతలు కొట్టారు. త్రిమూర్తులుకు ఇంటి తలుపు మీది పలక, అందులోని ఖాళీ కళ్లముందు మెదిలాయి. పన్నెండవుతుండగా సమోసాల పళ్లెం వచ్చింది. ఇరవై సమోసాలను అరవై మూడు మంది చూశారు. చప్పట్లు ఆగిపోయాయి.

"బిర్యానీ లేదా సార్?" అంది దుర్గమ్మ మెల్లగా. సభకొస్తే బిర్యానీ పెట్టిస్తానని అందరికీ ఇచ్చిన మాట పోయే సమయం వచ్చింది. ఆ గొంతులో బాధ విని లక్ష్మీకాంత్ కంగారుగా మహిపాల్‌కు డబ్బిచ్చి హోటలుకు తరిమాడు. ఒంటిగంటకు మహిపాల్ ఫోన్ చేశాడు. "ఉప్పల్ చౌరస్త కాడ ఇరుక్కున్న సార్. బండి కదుల్తలేదు. జర ఆగుమనున్రి."

జనాన్ని ఊరికే కూర్చోబెట్టడం ఎలాగో త్రిమూర్తులుకు తెలియదు. దుర్గమ్మకూ తెలియదు, ఎందుకంటే ఉపన్యాసాలు అంత తొందరగా అయిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. వరసలు చెదిరాయి. యాభై ఏళ్ల లక్ష్మీనర్సమ్మ, సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసే ఆవిడ, లేచి నడుము విరుచుకుని గ్రౌండును చివరిదాకా చూసింది. తర్వాత కొంగు నడుముకు బిగించి, కుచ్చిళ్లు పైకి దోపింది. ఒక కుర్చీ తీసుకెళ్లి గ్రౌండు మధ్యలో పెట్టింది. ఇంకో కుర్చీ పాతిక అడుగుల అవతల పెట్టింది.

"ఏందే లచ్చక్క గది?" అని ఎవరో అడిగారు.

"ఖోఖో స్తంభాలే. ఏడో తరగతిల ఆడిన. మళ్ల ఎవ్వలు పిలువలే."

క్షణంలో ఎనిమిది మంది కుర్చీల మధ్య వరసగా, ఒకరు ఇటు ఒకరు అటు తిరిగి కూర్చున్నారు. "ఖో" అన్న కేక లేచింది. చెప్పులు గుట్టపడ్డాయి. లక్ష్మీనర్సమ్మ కుర్చీని పట్టుకుని ఒంటికాలి మీద తిరిగి తప్పించుకున్న తీరు చూసి త్రిమూర్తులు అలవాటుగా విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఊదడం మరిచిపోయాడు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఆ మలుపును ఆయన ఎవరికీ నేర్పలేకపోయాడు. దుర్గమ్మ వేలెత్తకుండానే చప్పట్లు పడ్డాయి.

విజయశ్రీ దండ పక్కన పెట్టి, చీరకు మట్టి అంటుతుందని చూడకుండా ఆట జరిగే చోటు అంచున నేల మీద కూర్చున్నారు. ఔటై వచ్చినవాళ్లు రొప్పుతూ ఆమె పక్కనే కూలబడుతున్నారు. ఆమె మైకు లేకుండా అడుగుతున్నారు, వాళ్లు వేలు చూడకుండా చెబుతున్నారు. త్రిమూర్తులు రెండు ఫోన్లూ అక్కడ పెట్టి, తన ఫారంలోంచి ఒక ప్రశ్న తానూ అడిగాడు.

"రోజుకు ఎంతసేపు కూర్చునే ఉంటారమ్మా?"

లక్ష్మీనర్సమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "కూసునుడా? ఎనిమిది గంటలు నిలబడే ఉంట సార్. కూసుంటే సూపర్‌వైజర్ ఊకుంటడా?"

ఫారం అందుకుని ఆ ప్రశ్న మీద అడ్డంగా గీత కొట్టి విజయశ్రీ అడిగారు. "ఇంత బాగా ఆడతావు కదా, ఇన్నాళ్లూ ఎందుకు ఆడలేదు?"

"యాడ ఆడాలె మేడం? షుగర్ ఉన్నది, రోజు నడువుమన్నది డాక్టరమ్మ. రోడ్డు మీద నడుద్దమంటే లారీలాయె. డ్యూటీ దిగి ఈ గేటు ముంగట నుంచే ఇంటికి వోత. పోయినేడు ఓ పొద్దుమూకి లోపటికొచ్చి నాలుగు సుట్లు తిరుగుదమంటే వాచ్‌మన్ ఆపిండు. బోర్డు సూపెట్టిండు."

"మరి ఇవాళ?"

"ఇయ్యాల డీసీఎంల వచ్చినం గద. సలాం గొట్టి తెరిసిండు."

"మమ్ముల గూడ ఆపిండు," అంది పక్కనున్నావిడ. "నన్ను రెండుమాట్ల," అంది ఇంకో ఆవిడ. చేతులు లేస్తూనే ఉన్నాయి. అప్పుడే బిర్యానీ ప్యాకెట్లతో చెమటలు కక్కుతూ వచ్చిన మహిపాల్ కూడా నిలబడి వింటున్నాడు.

"ఏ బోర్డండీ? ఎవరు పెట్టారు?" అన్నారు విజయశ్రీ.

అబద్ధం ఆడటం చేతకాని మహిపాల్ నోరు తెరిచాడు. "కింద సార్ పేరే ఉన్నది మేడం."

త్రిమూర్తులుకు సిగ్గుతో తల వాలిపోయింది. కారణాల కోసం రెండేళ్లు పోచారం దాకా వెతికాడు. కారణం తన గేటుకే వేలాడుతోంది. అది ఒరిగితే ఇవాళ పొద్దున తన చేత్తోనే నిలబెట్టాడు.

"ప్రాజెక్టు ఆపేయమంటారా అండీ?" అన్నాడు.

"ఎందుకు ఆపాలి? రెండేళ్లకు ఇప్పుడే మొదటి ఫలితం వచ్చింది," అన్నారు విజయశ్రీ. "కాకపోతే దాన్ని మీరే రాయాలి. ఒక్క ముక్క దాచకుండా."

ఆయన స్క్రూడ్రైవర్ తెమ్మని మహిపాల్‌కు చెప్పి గేటు దగ్గరికి నడిచాడు. "నా కారో?" అంటూ లక్ష్మీకాంత్ వెంటపడ్డాడు. "షెడ్డులో పెట్టుకోండి సార్. వీళ్లు ఆడేది ఖోఖో," అని త్రిమూర్తులు బోర్డు విప్పి చంకలో పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా గ్రౌండు నాచారం ఆడవాళ్లదని అక్కడే, మైకు లేకుండా చెప్పాడు.

బిర్యానీ తిని వ్యాన్లెక్కబోతూ దుర్గమ్మ ఆగింది. "రేపటికెళ్లి డీసీఎంలు గావాల్నా సార్?"

"వద్దమ్మా. నడిచి రండి."

మూడు నెలల తర్వాత నివేదిక అచ్చయి వచ్చింది. అడ్డంకుల జాబితాలో మొదటి అడ్డంకిగా తన పేరే ఉండటంతో, త్రిమూర్తులు ఎర్రసిరా పెన్ను పట్టుకుని ఇంటిపేరులో అచ్చుతప్పు లేదని రెండుసార్లు సరిచూసుకున్నాడు.