వెనక్కి తగ్గని గేటు

వేంపల్లె పొలిమేరలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్న శ్రీ ఓబుళేశు గారు, మీట నొక్కితే దానంతట అదే తెరుచుకుని మూసుకునే కరెంటు గేటును తమ ఫ్యాక్టరీకి పెట్టించి, ఈ ప్రాంత ప్రతిష్ఠను ఒక మెట్టు పైకెక్కించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. సదరు గేటు వల్ల ఇంతవరకు ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ ఘనత ఎవరిదో మీకే తెలుస్తుంది.

గేటు దేనికి అవసరమైందో ముందు చెప్పాలి. ఒకే బండి పట్టే ఇరుకు కల్వర్టు దాటగానే రోడ్డుకు ఈ పక్క ఓబుళేశు గారి ఫ్యాక్టరీ, ఆ పక్క తిమ్మయ్య గారి ఫ్యాక్టరీ ఉన్నాయి. ఇద్దరూ ఒకే రకం బండలు కోస్తారు, ఒకే ధరకు అమ్ముతారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. వీళ్ల తండ్రులు ఏదో తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీ దగ్గర మాటామాటా అనుకున్నారట. ఆ రోజు ఎవరి ఎద్దులు గెలిచాయో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు. పగ మాత్రం భద్రంగా చేతికందింది. కాలం మారింది కనుక కత్తులు పోయి కొటేషన్లు వచ్చాయి. తిమ్మయ్య గారు తమ ద్వారానికి కమాను కట్టించి దాని మీద రెండు సిమెంటు సింహాలను కూర్చోబెట్టారు. సింహాలను చూసిన నాటి నుంచి ఓబుళేశు గారికి అన్నం సయించలేదు. కూర్చునే వాటిని కొట్టాలంటే కదిలేది కావాలి. అలా గేటు వచ్చింది.

గేటు బిగించడానికి కర్నూలు నుంచి యామిని అనే ఇంజినీరు వచ్చింది. పాపం, చదువుకున్న పిల్ల. గేటు ఎంత బాగుంటుందో చెప్పాల్సిన చోట ఎంత ప్రమాదమో చెప్పింది.

"సార్, ఇది పని జాగా. పొద్దున అందరూ ఒక్కసారే వస్తారు. ఈ స్తంభం మీద ఉండేది గేటు కన్ను. దారిలో మనిషి ఉంటే ఇది చూస్తాది, గేటు మూసుకోదు. ఒకవేళ చూడకపోయినా, అంచుకు ఉండే ఈ రబ్బరు పట్టీ మనిషికి తగిల్తే చాలు, గేటు ఎనక్కి పోతాది. ఈ ఎర్ర మీట నొక్కితే ఉన్నచోటే నిలబడతాది. కరెంటు పోతే ఈ తాళంచెవితో మోటారు విడిపించి చేత్తో జరపొచ్చు. ఇది గేటు దగ్గరే ఉండాల, అందరికీ అందాల."

ఓబుళేశు గారు అప్పటికే రిమోటు చేతిలోకి తీసుకున్నారు. రిమోటు పట్టుకున్న మనిషికి చెవులు పనిచేయవన్న సంగతి టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలిసిందే.

ఆ తర్వాత యామిని చెప్పినవన్నీ మన పద్ధతిలో అమలయ్యాయి. కొత్త వస్తువు తాళంచెవి ఉండాల్సింది దేవుని గూట్లో. కనుక దాన్ని కళ్లకద్దుకొని ఇంటికి పంపించారు. ఎర్ర మీట పెట్టె గోడ మీద బోసిగా కనబడుతోందని దానికి వినాయకుని పటం తగిలించారు. ఇక పూజ రోజున, యంత్రానికి కన్ను ఉందని తెలిశాక బొట్టు ఎక్కడ పెట్టాలో ఎవరూ ఎవరినీ అడగలేదు. పసుపు దట్టంగా పూసి, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ అద్దారు. గేటు మూసుకోవడం మానేసింది. కళ్లలో కుంకుమ పడితే మీరూ నేనూ కూడా అంతే.

బొట్టు తుడిచేస్తే సరిపోయేది. కానీ పెట్టిన బొట్టు తుడవడం ఎంత అశుభం! అందుకని ఓబుళేశు గారి మేనల్లుడు భూపేష్‌ను పిలిపించారు. భూపేష్ ఇంజినీరింగ్ చదివాడు. ఏ ఇంజినీరింగ్ అన్నది మేనమామ అడగలేదు, అతనూ చెప్పలేదు. మోటారు పెట్టె విప్పి రెండు వైర్లు కలిపి, దారిలో ఎవరూ లేరని గేటును శాశ్వతంగా నమ్మించాడు. ఆ క్షణం నుంచి గేటు గుడ్డిదే గానీ, తనకు అంతా కనబడుతోందని దాని నమ్మకం. అలాంటివారు పెద్ద పెద్ద కుర్చీల్లో కూడా ఉన్నారు కాబట్టి ఎవరూ దీన్ని లోపంగా చూడలేదు.

మరునాడు ఓబుళేశు గారు రోడ్డు మీద వాళ్లందరికీ కనబడేలా గేటు మూయిస్తున్నారు. అంతలో తిమ్మయ్య గారి పొట్టేలు రోడ్డు దాటి వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. గేటు వచ్చి దాని కొమ్ములకు తగిలింది. రబ్బరు పట్టీ తన ధర్మం తాను నిర్వర్తించింది. గేటు ఆగి, వెనక్కి పోయింది. పొట్టేలుకు ఇలాంటి విజయం ఎన్నడూ దక్కలేదేమో, తల ఊపి ఇంకో రెండు అడుగులు ముందుకు వేసింది.

సింహాల కింద నిలబడిన తిమ్మయ్య గారు కడుపు పట్టుకుని నవ్వారు.

"ఏమప్పా ఓబుళేశూ! మీ గేటు మా పొట్టేలుకు బెదిరి ఎనక్కి పాయనే!"

బస్సు కంటే ముందు ఈ మాట వేంపల్లె బస్టాండుకు చేరింది. టీ తాగేవాళ్లంతా పొట్టేలు ఆరోగ్యం విచారించారు. ఓబుళేశు గారు ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయారు.

"మా నాయన ఎనక్కి తగ్గల్యా, మా జేజినాయన ఎనక్కి తగ్గల్యా. నా దుడ్లు పెట్టి కొన్న గేటు గొర్రెకు ఎనక్కి తగ్గుతాదా? ఆ గుణం తీసెయ్ పాపా!" అని యామినికి ఫోన్ చేశారు.

"సార్, తగ్గడమే దాని పని. రేపు పొట్టేలు జాగాలో మనిషి ఉంటే? అది తీసేస్తే ఇంగ అది గేటు కాదు సార్, రోకలి. నేను తీయను."

యామిని తీయకపోతే భూపేష్ లేడా? ఇంకో రెండు వైర్లు కలిశాయి. ఈ విధంగా ఆ గేటు చూడనిది, ఆగనిది, వెనక్కి తగ్గనిది అయి, సీమలో మగవాడికి ఉండాల్సిన లక్షణాలన్నీ సంపాదించుకుంది.

పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లకు ఈ పౌరుషం సంగతి తెలిసింది. వాళ్లలో పెద్దదైన నాగక్క ఓబుళేశు గారి ముందు నిలబడి అడిగింది.

"అయ్యా, అది మమ్మల్ని చూడదంట, తగిల్తే ఆగదంట. మేమంతా పిల్లల తల్లులం. యాడనుంచి లోపలికి రావాల?"

"ధైర్యంగా రాండి నాగక్కా. గేటుకే లేని భయం మీకేల?" అని ఓబుళేశు గారు అభయమిచ్చారు.

మరుసటి రోజు నుంచి ఆడవాళ్లు వెనక ప్రహరీ పక్కన పోసిన బండల తుక్కు ఎక్కి, గోడ దూకి పనిలోకి వస్తున్నారు. కొందరికి మోకాళ్లు కొట్టుకుపోయాయి. అయితే గేటు గుండా మనుషులెవరూ నడవడం లేదు కాబట్టి, గేటు వద్ద భద్రత నూటికి నూరు పాళ్లు సాధించినట్టు యాజమాన్యం సగర్వంగా ప్రకటించింది.

ఇక మిగిలింది ప్రారంభోత్సవం. ఆ రోజు ఆడవాళ్లంతా కొత్త చీరలు కట్టుకుని, నాగక్క హారతి పళ్లెంతో ముందు నడవగా, గేటు గుండానే లోపలికి రావాలని ఆజ్ఞ అయింది. ఫోటో బాగా వస్తుందని కర్నూలు నుంచి యామినిని కూడా పిలిచారు. తిమ్మయ్య గారికి పిలుపు అందరికంటే ముందు పోయింది. పగవాడిని పిలవకపోతే పగకే మర్యాద ఉండదు. ఆయన పొట్టేలును తోలుకుని వచ్చారు.

ఓబుళేశు గారు మెడలో గజమాలతో గేటు దారి మధ్యలో నిలబడి ప్రసంగించారు.

"పెద్దలారా! గేట్లు శానా మంది పెట్టినారు. అవి వచ్చేవాళ్లను చూసి తెరుచుకునే గేట్లు, పోయేవాళ్లను చూసి మూసుకునే గేట్లు. మాది ఎవుర్నీ చూడదు! ఎవురు అడ్డమొచ్చినా ఎనక్కి తగ్గదు! ఇది మా వంశం గేటు!"

చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాము. అబద్ధమెందుకు?

"అయితే మా పొట్టేలును ఎందుకప్పా కష్టపెట్టడం? నువ్వే నిలబడి చూపీ" అన్నారు తిమ్మయ్య గారు, చాలా వినయంగా.

అంత మంది ముందు ఆ మాట అనిపించుకున్నాక ఇంకో దారి ఉంటుందా? "నొక్కురా!" అని ఓబుళేశు గారు రిమోటు పట్టుకున్న మేనల్లుడికి సైగ చేశారు. గేటు కదిలింది. యామిని "సార్, పక్కకు రాండి!" అని అరిచింది. నాగక్క హారతి పళ్లెం కింద పడేసి "అయ్యా, జరుగప్పా!" అంది. పక్కకు ఒక్క అడుగు వేస్తే చాలు. అడుగు వేయడానికి ఓబుళేశు గారికి కాళ్లు ఉన్నాయి, ఎదురుగా తిమ్మయ్య గారు కూడా ఉన్నారు. ఓబుళేశు గారు అరచెయ్యి ముందుకు చాచి, తన గేటు తనను గుర్తుపట్టకపోతుందా అన్నట్టు చూశారు.

గేటు గుర్తుపట్టలేదు. వంశం గేటు కదా, ఎవరినీ చూడదు. అరచేతిని మడిచి, గజమాలను నలిపి, బొజ్జను ఆనుకుని, ఆయనను మెల్లగా తోసుకుంటూ పోయి స్తంభానికి అదిమింది.

భూపేష్ కంగారులో ఇందాక నొక్కిన మీటనే మళ్లీ మళ్లీ నొక్కుతున్నాడు. అది మూసే మీట. ఎర్ర మీట కోసం నలుగురు పరిగెత్తారు గానీ, అది వినాయకుని పటం వెనక ఉంది. దేవుని పటం ముట్టాలి కనుక వాళ్లు ముందు చెప్పులు విప్పుతున్నారు. ఓబుళేశు గారి ముఖం గజమాలలోని ఎర్ర గులాబీ రంగులోకి తిరిగింది. నవ్వుతున్న తిమ్మయ్య గారు నవ్వు మానేశారు.

అప్పుడు కరెంటు పోయింది.

కరెంటు పోతే జనం ఈలలు వేయడం మీరు చాలాసార్లు వినే ఉంటారు. దండం పెట్టడం మేము అదే మొదటిసారి చూశాము. మోటారు నిలిచింది. గేటు మాత్రం పట్టు వదల్లేదు, ఓబుళేశు గారు ఇటూ అటూ కాకుండా ఇరుక్కుపోయారు.

"మామా! జనరేటర్ వేస్తా ఉండు!" అంటూ భూపేష్ పరుగు తీశాడు.

"వద్దురా!" అని ఊరంతా అరిచింది. ఆ రోజు ఓబుళేశు గారి మనుషులూ తిమ్మయ్య గారి మనుషులూ ఏకగ్రీవంగా అన్న మాట అదొక్కటే.

"తాళంచెవి యాడుండాది?" అని యామిని అడిగింది.

"దేవుని... గూట్లో" అన్నారు ఓబుళేశు గారు, ఊపిరి చిక్కినంత మేరకు.

"గూట్లో లేదు" అంది ఆయన భార్య కృష్ణవేణమ్మ. జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చి, కొంగు చివరి ముడి చూపించింది. "నీ సంగతి దేవునికంటే నాకు బాగా తెలుసు. నువ్వు పెట్టిన రోజే తీసి కట్టుకున్నా. ఇస్తా గానీ, ఒక మాట చెప్పు. ఈ పాప పెట్టినవన్నీ మళ్ల పెట్టిస్తావా? ఈ ఆడోళ్లు గోడ దూకకుండా గేట్లో నుంచి రావాల. గేటు ఎనక్కి తగ్గుతాదా, తగ్గదా?"

ఓబుళేశు గారు తిమ్మయ్య గారి వైపు చూశారు. నాగక్క వైపు చూశారు. చివరికి స్తంభం మీద తాము పెట్టించిన బొట్టు వైపు చూశారు. వేంపల్లె మొత్తం ఊపిరి బిగబట్టింది, ఆయనకైతే ఆ అవకాశం లేదు.

"గేటు తగ్గుతాది" అన్నారు. "నేను తగ్గను."

"ఇప్పటికి అది చాలు" అని కృష్ణవేణమ్మ ముడి విప్పింది. యామిని మోటారు విడిపించింది. నాగక్కా మిగతా ఆడవాళ్లూ కొత్త చీరల కొంగులు బిగించి గేటును వెనక్కి లాగారు. గేటుకు పౌరుషం వచ్చాక దాని గుండా వాళ్లు లోపలికి పోవడం అదే మొదటిసారి. మనసు చల్లబడే దృశ్యం ఒకటి చూశామని ఇక్కడ ఒప్పుకోక తప్పదు.

ప్రస్తుతం అన్నీ సక్రమంగా ఉన్నాయి. బొట్టు కంటి మీద నుంచి స్తంభం నుదుటికి మారింది, వినాయకుడు పక్క మేకుకు జరిగాడు, తాళంచెవి గేటు దగ్గరే వేలాడుతోంది. పొట్టేలు అప్పుడప్పుడూ వచ్చి గేటును వెనక్కి పంపించి వెళుతోంది. తిమ్మయ్య గారు కూడా యామినిని పిలిపించి గేటుకు బయానా ఇచ్చారు. షరతు ఒక్కటే: "ఓబుళేశు గేటు జానెడు ఎనక్కి పోతే, మాది మూరెడు పోవాల!"

ఇదంతా చదివి, సీమవాళ్ల పౌరుషం ఇంతే కదా అని మీరు నవ్వుకున్నారు. సంతోషం. పోయిన వారం ఆ ఫ్యాక్టరీల ముందరి కల్వర్టు మీద రెండు కార్లు ఎదురెదురుగా ముక్కు ఆనించుకుని నిలిచిపోయాయి. వెనక బస్సులు, బండల లారీలు, పెళ్లి వ్యాను, అన్నీ ఆగి హారన్లు కొడుతున్నాయి. పని ముగించుకుని గేటు గుండా నింపాదిగా నడిచి వచ్చిన నాగక్క ఒక కారు అద్దం తట్టి, "ఏమప్పా, మా గేటే ఎనక్కి పోతాది, నీ కారు పోదా?" అని అడిగింది.

"పోతుంది. కానీ ముందు వాడు తీయాలి" అన్నారు, కారులో ఉన్న మీరు.