ఆడిటర్ మీద గొంగడి

చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, వానాకాలంలో ఒక ఉదయం భిక్షపతి కోస్గిలో బస్సు దిగాడు. రక్షణ శాఖ పెట్టే ఖర్చును ఆ శాఖ తరఫునే తనిఖీ చేసే ఆడిటర్ ఆయన. సైన్యం కోసం ఇక్కడి నేతగాళ్ల సంఘం నేసిన ఉన్ని గొంగళ్లు వానను ఆపుతాయో లేదో చూడాలి. ఆపితే సంతకం, లేకపోతే వచ్చిన లారీ ఖాళీగా వెనక్కి. మధ్యాహ్నం బస్సుకు తానూ వెనక్కి. తనిఖీకి వెళ్లిన చోట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది ఆయన సొంత నియమం. ఆ సంగతి ఎవరికీ చెప్పడు. చెబితే అవతలివాళ్లు నొచ్చుకుంటారని.

సంఘం పెద్ద బీరన్న గొంగళ్ల మూటల దగ్గరే ఎదురుచూస్తున్నాడు. ఊరి గొర్రెల ఉన్ని అంతా ఆ మూటల్లోనే ఉంది.

"సారూ, చాయ్ తాగుండ్రి."

"వద్దు."

"పోనీ పాలు?"

"వద్దయ్యా."

"సల్లన్న తాగుండ్రి, జర ఉప్పేసి తెస్త."

"మజ్జిగా వద్దు. ముందు గొంగళ్లు చూపించు."

బీరన్న భార్య గుర్వమ్మ మొగుణ్ణి పక్కకు లాగింది. "సల్ల సుత వద్దంటుండంటె సారు పెయి మంచిగ లేదయ్యా. మొకం సూడు."

ముఖం నిజంగానే వాడిపోయింది. ఉక్కపోతలో కోటు, పొద్దుటి నుంచి చుక్క నీళ్లు లేని గొంతు. మూట విప్పుదామని వంగిన భిక్షపతికి కళ్లు తిరిగాయి. మూట మీదే కూలబడ్డాడు.

"సూసినవా! సలిజరం!" అంది గుర్వమ్మ గెలిచినట్టు.

చలిజ్వరానికి ఆ ఊళ్లో మొదటి వైద్యం గొంగడి కప్పడమే. బీరన్న ఒకటి కప్పాడు. చెమటలు పోశాయి.

"సెమట పడితె జరం దిగుతాంది. ఇంకోటి కప్పు!"

"తియ్యండి! ఇది సర్కారు మాలు! నా మీద ఎట్ల కప్పుతరు?" అని రెండు గొంగళ్ల లోపలి నుంచి భిక్షపతి అరిచాడు.

"కలవరిస్తుండు పాపం," అంది గుర్వమ్మ. "జల్ది బండి కట్టు."

దవాఖాన దారి సగం గడిచేసరికి ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. బీరన్న, గుర్వమ్మ, ఎడ్లు తడిసి ముద్దయ్యారు. "సారు మీద సుక్క పడొద్దు" అంటూ బీరన్న గొంగడి కొనను ఆయన తల మీదికి లాగాడు.

దవాఖానలో డాక్టరు ఆయన్ని మూట విప్పినట్టు విప్పాడు. "జ్వరం లేదు, గిరం లేదు. మనిషి దాహంతో పడిపోయిండు" అంటూ చెంబు అందించాడు.

"ఇవి సర్కారు దవాఖాన నీళ్లే గదా?"

"సర్కారువే."

భిక్షపతి చెంబు దించకుండా తాగాడు.

బీరన్న తలరుమాలు పిండుకుంటూ చేతులు జోడించాడు. "తప్పయింది సారూ. నా మీది కోపంతోని మాలు వాపస్ చెయ్యకుండ్రి. ఊరు ఆగమైతది."

భిక్షపతి తన మీంచి తీసిన గొంగళ్ల వైపు తిరిగాడు. పై గొంగడి మీద నీళ్లు పూసల్లా జారిపోతున్నాయి. కింది గొంగడిని తడిమాడు. వాన చుక్క అంటిన జాడే లేదు. బిందెడు నీళ్లు కుమ్మరించి చూద్దామనుకున్న పరీక్షను బీరన్న దారి పొడుగునా చేసి చూపించాడు. ఆయన కలం తీసి సంతకం పెట్టాడు. సాయంత్రానికి లారీ నిండుగా కదిలింది.

ఆయన నివేదికలో ఒకే ఒక్క అభ్యంతరం నమోదైంది: సైన్యానికి అప్పగించకముందే రెండు గొంగళ్లను అధికారం లేని వ్యక్తి ఒకరు కప్పుకున్నారు, సంజాయిషీ ఇవ్వాలి. ఆ వారమే భిక్షపతి తన సంజాయిషీ తానే రాసుకుని, సంతృప్తికరంగా లేదని తానే తిప్పి పంపాడు.