నాగమల్లేశ్వరి నదీదర్శన సమరం

భూమధ్యరేఖా సమీపవర్తియై, ఆరు ఋతువుల తగవు లేకుండా ఒక్క ఉక్కపోతే ఏడాదంతా ఏకచ్ఛత్రాధిపత్యం నెరపే సింగపూరు ద్వీపమున, గగనచుంబి సౌధపంక్తి విరాజితమైన క్లెమెంటి పట్టణమున, ఒకానొక శనివారం ఉదయం తొమ్మిది గంటల శుభవేళ, ఫ్లాట్ల కింద వాయిడ్ డెక్కు అనే ఖాళీ ఆవరణలో మహాసంగ్రామానికి రంగం సిద్ధమైంది.

యుద్ధకారణం వెనక పారే నది. జనం నీళ్ళ దాకా దిగేందుకు రెండు చోట్ల దారులు కట్టదలచి, కండోమినియం పక్కన, తిండి దుకాణాల సముదాయమైన హాకర్ సెంటర్ వెనక, బస్‌స్టాప్ దగ్గర మూడు స్థలాలు గుర్తించిన పటాన్ని అధికారులు బల్లమీద పరిచారు. మనిషికొక పచ్చ స్టిక్కరు. నచ్చిన చోట అంటించాలి.

అప్పుడు ప్రవేశించింది చక్రాసనసారథి, అరవై రెండేళ్ళ అరివీరభయంకరి, భీమవరం ఆడపడుచు నాగమల్లేశ్వరి. ఆమె తోస్తున్న చక్రాల కుర్చీలో, పక్షవాతంతో కాళ్ళు చచ్చుబడ్డ భర్త పరంధామయ్య. రెండేళ్ళుగా ఆయన్ని రోజూ ఏటి ఒడ్డుకు తీసుకెళ్తోంది. నిలబడ్డవాళ్ళకు నది కనిపిస్తుంది. కూర్చున్న ఆయన కళ్ళకు మాత్రం రెయిలింగు పై కమ్మి సరిగ్గా అడ్డం. అందుకే గట్టు వాలుగా, కుర్చీ దిగేందుకు వీలుగా ఉన్న బస్‌స్టాప్ స్థలాన్నే గెలిపిస్తానని ఆ సాధ్వి ప్రతిజ్ఞ పూనింది.

ఎదురు నిలిచినవాడు కాఫీపానప్రియుడు, కొలతల కోవిదుడు, విశ్రాంత ఇంజినీరు మల్లికార్జునరావు.

"చెల్లెమ్మా! కండోమినియం పక్కన ఎలాగూ ఒకటి వస్తుంది. రెండోది హాకర్ సెంటర్ వెనకే రావాలి. కాఫీ కప్పు పట్టుకుని దిగొచ్చు. బస్‌స్టాప్ దగ్గరేముంది, దోమలు తప్ప!"

"అన్నయ్యగారూ!" అని గర్జించిందామె, పమిట బిగించి. "కాఫీ మీరు ఈ ద్వీపంలో ఏ మూలైనా తాగుతారు. మా ఆయన ఈ ఏరుని ఇంకే మూల నుంచి చూస్తారు? ప్రాణమున్నంత వరకూ ఈ స్టిక్కరు బస్‌స్టాప్ మీదే!"

అంటించింది. పిడుగు పడ్డట్టు బల్ల అదిరింది.

కానీ విధి వక్రించింది. హాకర్ సెంటరు మీద పచ్చ స్టిక్కర్లు అరణ్యంలా మొలిచాయి. బస్‌స్టాప్‌కు దక్కినవి ఏడు.

పరంధామయ్య నవ్వాడు. "పోన్లేవే, ఏడుగురున్నారుగా మన పక్షాన."

ఆ నవ్వు చూసిందామె. మరుక్షణమే ఓటమి మరిచి, పటం చుట్టేస్తున్న యువాధికారిణి చెయ్యి పట్టుకుంది. ఇక్కడే పుట్టి పెరిగిన ఆ తెలుగుపిల్ల పేరు కావ్యశ్రీ.

"ఆంటీ, వోటింగ్ క్లోజ్ ఆల్రెడీ లా," అందా పిల్ల సింగపూరు యాసలో.

"అయితే అయింది. నువ్వు ఒడ్డుకొచ్చి ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చోవమ్మా."

ముగ్గురూ, వింత చూడ్డానికి వెంటబడ్డ మల్లికార్జునరావూ ఒడ్డుకు చేరారు. శత్రువే వంగి పరంధామయ్యను చంటిబిడ్డలా ఎత్తి బెంచీ మీద కూర్చోబెట్టాడు. కావ్యశ్రీ కుర్చీలో కూర్చుని, మెడ సాచి, వంచి, పక్కకు తిప్పి, చివరికి నిట్టూర్చింది.

"అయ్యో, ఐ కాంట్ సీ ఎనీథింగ్!"

తరవాత మల్లికార్జునరావు కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. లేచి, జేబులోంచి దివ్యాస్త్రంలాంటి కొలత టేపు సర్రున లాగాడు. "కమ్మి తీసేస్తే జనం నీళ్ళలో పడతారు. ఇక్కడ నాలుగడుగుల మేర తీసి, గట్టి గాజు పలక పెట్టొచ్చు. రాసుకో తల్లీ, కొలతలు నేను చెప్తా."

కావ్యశ్రీ రాసుకుంది. పై ఆఫీసు రెండుసార్లు కాదంది. నాగమల్లేశ్వరి ఐదుసార్లు ఫోన్ చేసింది. ఆరో ఫోనుకు ఒప్పుకున్నారు.

మూడు నెలలకు గాజు పలక వెలసింది. పరంధామయ్య రథం దాని ముందు ఆగింది. ఆయన గాజుకు మొహం ఆనించాడు. ఉన్నట్టుండి వేలు చాచాడు.

"ఒసే, ఉడుము! ఎంత పొడవో చూడు, ఈదుతోంది! నీళ్ళేమిటే, ఇంత మురిగ్గా ఉన్నాయి?"

ఇవ్విధంబున, ఏడే ఏడు స్టిక్కర్ల సైన్యంతో తలపడి, ఓడి, ఓడిన పిదప ఏటిపై నాలుగడుగుల వెడల్పు గాజును జయించిన ఆ వీరవనిత, దేవదుందుభులు మోగుతాయేమోనని ఆగక, ఏ పక్షో వేసిన రెట్ట మరకను పమిట చెంగుతో తుడిచి, ఉడుము ఎటు పోయిందోనని తానూ వంగి చూసింది.