అనవసరమైన మాట

ఆ ఉదయం ప్రూఫ్‌రీడరు గారు ఒక నిశ్చయంతో ప్రెస్సుకు వచ్చారు. ముప్ఫై ఏళ్ళ సిగరెట్లకు ఆనాటితో స్వస్తి. ఎక్స్‌రేలోని మచ్చ ఇంకా ముదరలేదనీ, ఇవాళ మానితే ఇవాళ్టి నుంచే లాభమనీ డాక్టరు చెప్పాడు. నలుగురికీ చాటితే వెనక్కు తగ్గడానికి సిగ్గు అడ్డొస్తుందన్నది ప్రూఫ్‌రీడరు గారి సిద్ధాంతం. అందుకని "నేటి నుంచి సిగరెట్లు మానేస్తున్నాను" అని కాగితంపై రాశారు. అలవాటుగా మరోసారి చదివారు. తాను మానవలసినది ఏమిటో అందరికీ తెలిసిందే కనుక "సిగరెట్లు" అనవసరమని తోచింది. ఆ మాట తీసేసి, శుద్ధప్రతి రాసి, సంతకం చేసి యజమాని బల్లపై పెట్టారు.

యజమాని అది చదివి, వేళ్ళ మధ్య సిగరెట్టు కాలుతుండగానే ప్రూఫ్‌రీడరు గారి భార్యకు ఫోను చేశారు.

"అమ్మా, ఆయన మానేస్తున్నారట. నీకు తెలుసా?"

"తెలుసు అన్నయ్యగారూ. నేనే పోరి పోరి మానిపించాను."

"మా వల్ల ఏం లోటు జరిగిందమ్మా?"

"లోటేముంది, ఊపిరితిత్తులు పాడయ్యాయి. పక్కనున్న పాపానికి నాకూ దగ్గే."

యజమాని అచ్చుసిరా డబ్బాల వైపు అనుమానంగా చూశారు.

"పోనీ, రోజుకి రెండు మూడు ఇవ్వచ్చా?" ఆయన ఉద్దేశంలో అవి ప్రూఫు కాగితాలు.

"ఒక్కటి కూడా వద్దు. బతిమాలినా ఇవ్వకండి."

గంట తరువాత కంపోజిటరు ఒక చిన్న ప్రకటన తెచ్చి, "వెళ్ళేలోపు ఇదొక్కటి చూసిపెట్టండి గురువుగారూ" అన్నాడు. అందులో ఒక దీర్ఘం తప్పింది. ప్రూఫ్‌రీడరు గారు దిద్ది, సంతకం చేశాక గానీ, అది "ప్రూఫ్‌రీడరు కావలెను" అన్న ప్రకటన అని బుర్రకెక్కలేదు.

ఆ ప్రకటన పట్టుకుని యజమాని గదిలోకి పరుగెత్తారు. యజమాని జాలితో సిగరెట్టు పెట్టె ముందుకు తోసి, "ముందు ఒకటి వెలిగించండి" అన్నారు. ప్రూఫ్‌రీడరు గారి చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగింది.

"నేను మానేసింది దీన్నండీ. ఉద్యోగాన్ని కాదు."

"అయితే మానలేదని రాసివ్వండి. ఇందాకటి కాగితం ఫైల్లోకి వెళ్ళిపోయింది."

ఆయన "నేను మానలేదు" అని రాసి సంతకం చేస్తుండగా, ఫోనులో యజమాని గొంతు తేడాగా ఉందని బయలుదేరిన భార్య వచ్చి పక్కన నిలబడింది. కాగితం చదివింది.

"పొద్దున్నేగా మాటిచ్చారు. ఏదీ, నోరు తెరవండి."

ఆయన తెరిచారు. ఆవిడ ప్రయోగశాలలో పరీక్షించినంత శ్రద్ధగా వాసన చూసింది. ఏమీ లేదు. కానీ గదిలో కంపు ఉంది. దాని జాడ పట్టుకుని యజమాని వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, మీరు ఎక్స్‌రే ఎప్పుడు తీయించుకున్నారు?"

యజమాని జవాబివ్వబోయారు, దగ్గొచ్చింది. అది తగ్గేలోపు ప్రూఫ్‌రీడరు గారు జరిగిన పొరపాటు చెప్పగా, ఆవిడ కాగితంపై "ఉద్యోగం" అన్న మాట చేర్చి, సిగరెట్టు పెట్టెను చెత్తబుట్టలో వేసింది.

మర్నాడు యజమాని సిబ్బందినందరినీ పిలిచి, "నేనూ మానేస్తున్నాను" అని ప్రకటించారు. చప్పట్లు అంతసేపు ఎందుకు మోగాయో అడిగే ధైర్యం ఆయనకు చాలలేదు.