ఒకచోట రాస్తే ఊరంతా

నకరికల్లు పక్క పల్లెలో కేబులూ ఇంటర్నెట్టూ నడిపే పున్నారావు, ఆ ఉదయం కాఫీ చల్లారేలోపు ఓ చిన్న పని ముగిద్దామనుకున్నాడు. ఆదివారం ఎడ్ల బండలాగుడు పోటీలు. వాటిని జనం ఇంట్లో కూర్చుని స్మార్ట్ టీవీలో చూసేట్టు నరసరావుపేట ప్రవీణ్ కుమార్ చేత యాప్ చేయించాడు. పాత పోటీల వీడియోలు అందులో అప్పుడే చూస్తున్నారు. ఉన్న నాలుగొందల ఇళ్ళ కనెక్షన్లూ నిలవాలంటే ఆ యాపే దిక్కు.

చేసేముందు ప్రవీణ్ కుమార్ రెండు దారులు చెప్పాడు.

"బాబాయ్, ఒక్కో కంపెనీ టీవీకి విడిగా యాప్ కడితే గట్టిగా ఉంటది. కానీ అక్షరం మార్చాలన్నా ఆ కంపెనీ ఒప్పుకోవాల. వెబ్ పేజీలాగా కడితే అన్ని టీవీలకీ ఒకటే. ఒకచోట రాస్తే ఊరంతా మారుద్ది."

"ఇల్లిల్లూ తిరిగే ఓపిక లేదురా. రెండోదే కట్టు," అన్నాడు పున్నారావు. మాట చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు.

ఇప్పుడు టీవీ తెర అడుగున పరుగెత్తే వార్త ఎలా వస్తుందో చూడాలి. తన ఇంట్లోనే కదా కనపడేది అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని చచ్చినా జరగని మాట ఎంచుకున్నాడు. "పోటీలను వెంకట్రామయ్య గారు, చక్రధర్ గారు కలిసి ప్రారంభిస్తారు" అని ఫోనులో కొట్టాడు. పంచాయతీ ఎన్నికల్లో చెడిన ఆ ఇద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఊళ్ళో టీ కొట్టు కూడా వర్గానికొకటి.

భార్య బాలసరస్వతి చదివి నవ్వింది. "ఏందయ్యా, పాముకీ ముంగిసకీ పెళ్ళి చేస్తన్నావా?"

ఆమె నవ్వు ఆగకముందే ఫోను మోగింది. వెంకట్రామయ్య తమ్ముడు. "మా అన్న పేరు ఎవర్నడిగి వేశావు? మా వైపు తీగలన్నీ రేపే పీకిస్తాం." అది పెట్టేలోపు చక్రధర్ మనిషి. "మా చక్రధర్ గారి పేరు రెండోది ఏంది?"

నాలుగొందల ఇళ్ళూ కళ్ళముందు ఖాళీ అయ్యాయి. పున్నారావు గబగబా ఆ మాట చెరిపి ప్రవీణ్ కుమార్‌కి ఫోను చేశాడు.

"కొత్త టీవీల్లో పోద్ది బాబాయ్. పాత టీవీలు ముందు తెరిచిన పేజీనే పట్టుకుని కూర్చుంటై. కట్టేసి మళ్ళీ వేయాల."

వెంకట్రామయ్యది పాత టీవీ. చక్రధర్‌ది కొత్తది. వార్త ఇంకా కనపడుతున్న వెంకట్రామయ్య వర్గం "వాళ్ళే దిగొచ్చారు" అంది. అది మాయమైన చక్రధర్ వర్గం "మన పేరు వాళ్ళే తీయించారు" అని కర్రలు వెతికింది. ఇల్లిల్లూ తిరగలేనన్న మనిషి బండెక్కి ముందు వెంకట్రామయ్య ఇంటికి పోయాడు. ఆయన టీవీ ముందే ఉన్నాడు.

"ఒకసారి కట్టేయి మామా. అది ఉత్త టెస్టు, నిజం కాదు."

వెంకట్రామయ్య రిమోటు తుండుగుడ్డ కింద పెట్టుకున్నాడు.

"ఆ సంగతి వాడికి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పమాక."

పున్నారావు అక్కణ్ణుంచి చక్రధర్ ఇంటికి పోయాడు. గడప ఎక్కకముందే చక్రధర్ ఎదురొచ్చాడు.

"పేరెందుకు తీశావు బావా?"

"రెండోదని మీవాళ్ళు..."

"వాళ్ళ మొహం. పెద్దాయన పేరు ముందుంటే నాకేం అరిగిపోద్ది? మళ్ళీ పెట్టు."

పున్నారావు ఆ గడపలోనే నిలబడి మళ్ళీ రాశాడు. ఊరంతా మారింది. ముందు దిగొచ్చింది ఎదుటివాడేనని ఇద్దరూ నమ్మారు; టెస్టని విన్న వెంకట్రామయ్యకి కూడా టీవీ కట్టేసి వేసినా ఆ వార్త పోకపోవడమే రుజువైంది. కాదని చెప్పే అవసరం పున్నారావుకి కనపడలేదు.

ఆదివారం ఆ ఇద్దరూ ఒకే కత్తెర పట్టుకుని రిబ్బను కోశారు. తీగ పీకమని ఒక్క ఇల్లూ అడగలేదు. ఆ వింత కళ్ళారా చూడాలని ఊరు ఊరంతా గ్రౌండుకే తరలిపోయింది.

యాప్ పొద్దుగూకేదాకా ఎక్కడా ఆగకుండా నడిచింది, చూసిన టీవీ మాత్రం ఒక్క బాలసరస్వతిదే.